ఊరికే రండి

కళ్ళజోళ్ళ దుకాణం, పైగది
సోమవారం

పిట్టా,

నీ ఉత్తరం అందింది. కొత్త ఊళ్ళో ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర ఫోన్ ఉంచుకోనివ్వరనీ, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదనీ, ఉత్తరాలు రాసుకుందామనీ అన్నావు. సరే, అలాగే కానీ. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపిస్తే, “రోజూ డాక్టర్ల రాత చదివీ చదివీ దీని రాత కూడా అలాగే తయారైంది. ఏ మందు ఎన్నిసార్లు వేసుకోమంది?” అన్నాడు. నాలుగు అద్దాలు మార్చి చదివాడులే. చెల్లెలి ఉత్తరం మరి.

నువ్వు లేకుండా ఈ గది తలుపు తియ్యడం నాకింకా అలవాటు కాలేదు. మొదటి వారం తాళం చెవి పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయాను. బిడ్డ పోయాక నేను ఈ గదిలోకొచ్చి తలుపేసుకున్న రోజులు గుర్తొచ్చాయి. కిందకి దిగబోయి మూడో మెట్టు దగ్గరే వెనక్కి తిరిగేదాన్ని. అందరూ బయటినుంచి ధైర్యం చెప్పేవాళ్ళు. నువ్వొక్కదానివే లోపలికొచ్చి, విరిగిన ఫ్రేముల డబ్బా పక్కన చతికిలపడి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పత్రిక చదువుకునేదానివి. అలా ఎన్ని రోజులు కూర్చున్నావో. నేను మామూలు మనిషినయ్యాక నువ్వే అన్నావు, “వదినా, నీలాంటివాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెంతమంది ఉన్నారో. ఈ తలుపు తీసి పెడదాం” అని. బోర్డు నువ్వే రాశావు, “ఊరికే రండి” అని. ఎవర్నీ ఎందుకొచ్చారని అడగకూడదన్న నియమం కూడా నీదే.

ఇప్పుడు లెక్కల మేష్టారు రోజూ వస్తున్నారు. భార్య పోయినప్పటినుంచి ఏ క్షణాన గుండె ఆగిపోతుందోనని ఆయనకి భయం. వచ్చీరాగానే కిటికీ పక్క కుర్చీలో నాడి పట్టుకుని కూర్చుంటారు. టీ ఇస్తే, “ఇవాళ కూడా ఉన్నానటమ్మా, నాడి చెప్పింది” అంటారు.

కొత్తగా ఒకమ్మాయి వస్తోంది. బేకరీలో పని. ఇంటికెళ్ళాక ఓవెన్ ఆపానా లేదా అన్న అనుమానంతో మళ్ళీ దుకాణానికి పరిగెడుతుందట. చూసి వస్తుంది, మళ్ళీ వెళ్తుంది. ఇప్పుడు పనికే వెళ్ళడం లేదు. గుమ్మం పక్కన, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా తరిమితే లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంటుంది. ఏం మాట్లాడాలో తెలియక నేను టీ మీద టీ పోస్తున్నాను. పాపం, నా వల్ల ఆ పిల్లకి కొత్త జబ్బు ఏదైనా రాకుండా చూడు.

ఎలా ఉన్నావు? తింటున్నావా?

వదిన


మూడో అంతస్తు
ఆదివారం

వదినా,

నేను బాగున్నాను. ఇల్లు చిన్నదే గానీ వెలుతురు బాగా వస్తుంది. కింద వీధి ఎప్పుడూ సందడిగా ఉంటుంది. పళ్ళ బండి ఆయనకి నడినెత్తిన జుట్టు లేదు. ఎండెక్కితే దాని మీద తడి గుడ్డ వేసుకుంటాడు. వాన పడితే వీధంతా గొడుగులే. బస్సుల పైకప్పుల మీద ఏవేవో నంబర్లు రాసి ఉంటాయి, ఎవరికోసమో మరి.

ఆసుపత్రిలో పని ఎక్కువే. బాగానే చూస్తున్నారు.

ఆ బేకరీ అమ్మాయితో ఓవెన్ ఊసెత్తకు. ఆపే ఉంటావులే అని అసలు అనకు. అలా అన్న ప్రతిసారీ ఇంకోసారి అనమంటుంది, అది తీరే ఆకలి కాదు. ఏదైనా చేతి పని ఇవ్వు. కళ్ళజోళ్ళు తుడవమను. అనుమానం వచ్చినా అలా వదిలేసి కాసేపు కూర్చోగలిగితే, అది దానంతట అదే కొంచెం తగ్గుతుంది. పూర్తిగా కాదు, కొంచెమే. ఆ కొంచెం ఆ అమ్మాయే కనిపెట్టాలి, మనం చెప్పకూడదు.

మేష్టారిని అడిగానని చెప్పు.

పిట్ట


పైగది
గురువారం

పిట్టా,

నీ నోట్లో పంచదార పొయ్య! కళ్ళజోళ్ళు తుడవమన్నావు చూడు, ఆ పిల్ల చేతిలో అవి మెరిసిపోతున్నాయి. మొదటి రోజు ఒకటే జోడు మధ్యాహ్నమంతా తుడిచింది. తరవాత ఓరోజు తుడుస్తూ తుడుస్తూ ఆపి, “అక్కా, నాకిప్పుడు వెళ్ళి చూసి రావాలని ఉంది” అంది. ఓవెన్ ఊసెత్తకన్నావుగా, ఇంకో జోడు తెచ్చి ముందు పెట్టాను. మేష్టారు నాడి మీంచి వేలు తీసి, “నాకూ ఇప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలని ఉందమ్మా. ఇద్దరం వెళ్ళకుండా కూర్చుందామా?” అన్నారు. కూర్చున్నారు! ఇద్దరికీ చెమటలు పట్టాయి. నాకు ఏడుపొచ్చి, గిన్నెలు కడిగే వంకతో అటు తిరిగాను.

పోయిన వారంనుంచి పనికి వెళ్తోంది. పొద్దున పని, సాయంత్రం ఇక్కడ. సంచీ ఇప్పుడు ఒళ్ళో లేదు, మేకుకి తగిలిస్తోంది. గది నిండా మనుషులే. ఇంటర్వ్యూ అంటే వాంతి చేసుకునే కుర్రాడొకడు, పిల్లల్ని బడికి పంపి తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడే ఆవిడొకరు. కుర్చీలు చాలక మీ అన్నయ్య కొట్లో స్టూళ్ళు పైకి తెచ్చాను. “కళ్ళు చూపించుకునేవాళ్ళు నిలబడాలి, ఊరికే వచ్చేవాళ్ళు కూర్చోవాలి” అని సణిగాడు. సణుగుతూనే ఇంకోటి మోసుకొచ్చాడు.

ఒక్క వారం సెలవు పెట్టి రావే. వీళ్ళందరికీ నిన్ను చూపించాలి. ఈ గది నాది అనుకుంటున్నారు, నాకు సిగ్గుగా ఉంది.

వదిన


మూడో అంతస్తు
బుధవారం

వదినా,

సంతోషం. సెలవు దొరకదు. వచ్చే నెల కూడా దొరకదేమో. ఇక్కడ వానలు.

పిట్ట


పైగది
శనివారం

పిట్టా,

సెలవు సంగతి సరే. నువ్వు అలా రెండు ముక్కలు గిరాటేస్తే నాకు మనసు కుదుటపడలేదు. పని ఎక్కువై ఉంటుందని సర్దుకున్నాను. ఇక్కడ జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

బేకరీ అమ్మాయి మళ్ళీ పని మానేసింది. రోజంతా ఇక్కడే ఉంటోంది. నేను తాళం తీసేసరికి మెట్ల మీద ఉంటుంది, తాళం వేసేదాకా కదలదు. బాగా అలసిపోయిందేమో, నాలుగు రోజులు కూర్చోనీ అనుకున్నాను. నిన్న వాళ్ళమ్మ వచ్చింది. రొప్పుతూ మెట్లెక్కి, గుమ్మంలోనే నిలబడి, “ఎవరమ్మా ఈ గది నడిపేది?” అంది.

నేనే అన్నాను.

“మా పిల్ల మీ దగ్గరికి రాకముందు నాలుగు రోజులు మానేసినా, భయపడుతూనో ఏడుస్తూనో మళ్ళీ పనికి వెళ్ళేది. ఇప్పుడు నవ్వుతూ ఇక్కడికొస్తోంది. ఇంకెక్కడికీ పోనంటోంది. పెళ్ళిళ్ళకి రాదు, ఇంట్లో అన్నం తినదు. ఇక్కడైతే బాగుంటుందమ్మా, బయటే బాగోదు అంటోంది. ఇదేనా మీరు చేసే మేలు? దానికి ఇంకో గది ఇచ్చారు తలుపేసుకోవడానికి!”

అలా కాదండీ అందామనుకున్నాను. ఆవిడ కోపంగా చూస్తోంది గానీ, పిట్టా, ఆ కళ్ళ కింద నలుపు చూస్తే నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అనిపించింది. ఆ పిల్ల మేకు మీంచి సంచీ తీసుకుంది. నా మొహం చూడలేదు. మేష్టారు లేచి, “అమ్మా, కొంచెం టీ...” అనబోయారు. ఆవిడ, “మీరు కూడా ఇంటికెళ్ళండి, పెద్దాయనా” అంది.

ఆయన ఇవాళ రాలేదు. కుర్రాడూ రాలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికి సిగ్గుపడుతున్నట్టున్నారు.

ఆవిడన్నది నిజమా? నువ్వు చదువుకున్నదానివి. నిజమైతే నిజమేనని చెప్పు, నేను తట్టుకుంటాను.

వదిన


మూడో అంతస్తు
సోమవారం

వదినా,

నిజమే.

గదిలో కూర్చుంటే భయం పోదు. గది బయట వేచి ఉంటుంది. మనం అప్పుడు సరదాపడి మొదలుపెట్టాం. నువ్వు బాగుపడింది నా వల్ల కాదు, నీ రోజులు బాగుండి. దాన్ని పట్టుకుని ఊరందరికీ బోర్డు కట్టాను. మూసెయ్. అన్నయ్యకి ఆ గది ఎలాగూ కావాలి.

పిట్ట


పైగది
శుక్రవారం

పిట్టా,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. చించెయ్యబోయి ఆగాను. నా ఆడపడుచు చేతిరాతే, కానీ ఆ మాటలు నా ఆడపడుచువి కావు. మూసెయ్యమన్నావని కాదు నా బాధ. నువ్వు నా పక్కన కూర్చున్న ఆ రోజుల్ని కూడా కొట్టిపారేశావు.

ఇలా కుతకుతలాడుతుండగా నిన్న కొట్లోకి ఒకావిడ వచ్చింది. కళ్ళజోడు కాడ ఊడిపోయిందని. మీ అన్నయ్య మర బిగిస్తుంటే మాటల్లో తెలిసింది, నువ్వు పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు, సెలవుకి పుట్టింటికొచ్చింది. నేను పొంగిపోయి, “మా ఆడపడుచు మీ మందుల కౌంటర్లోనే ఉంది” అని నీ ఆనవాళ్ళు చెప్పాను. ఆవిడ ఇబ్బందిగా చూసింది. “ఆవిడ మానేసి చాలా రోజులైంది కదండీ. చేరిన కొన్నాళ్ళకే. ఒంట్లో బాలేదన్నారు” అంది.

మీ అన్నయ్య చేతిలో మర కింద పడింది. అది వెతికే వంకతో చాలాసేపు బల్ల కిందే ఉండిపోయాడు.

నేను పైకొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. పళ్ళ బండి ఆయన నడినెత్తి, గొడుగులు, బస్సుల పైకప్పులు. ఒక్క మనిషి మొహం లేదు పిట్టా. అంతా కిటికీలోంచి చూసి రాసిందే. ఎన్నాళ్ళనుంచి కిందకి దిగలేదు నువ్వు?

ఎందుకు చెప్పలేదని అడగను. ఎందుకు అని అడగకూడదన్న నియమం నువ్వే పెట్టావు. నేను వస్తాను. వద్దనకు.

వదిన


మూడో అంతస్తు
రోజు తెలియదు

వదినా,

వద్దు.

ఏమీ జరగలేదు. అదే చెప్పుకోవడానికి కష్టంగా ఉంది. నీకు బిడ్డ పోయింది. మేష్టారికి భార్య పోయింది. నాకు ఏమీ పోలేదు. ఓ పొద్దున కౌంటర్లో ఒక ముసలాయనకి మాత్రల అట్ట ఇస్తున్నాను. చదివాను, సరైనదే. మళ్ళీ చదివాను, సరైనదే. ఆయన అటు చివర పట్టుకుని లాగుతున్నాడు, ఇటు నా వేళ్ళు వదలడం లేదు. “ఇవ్వమ్మా” అన్నాడాయన. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఎవరో నా చేతిలోంచి అట్ట తీసి ఆయనకి ఇచ్చారు. అంతే, ఇంకేమీ లేదు.

మర్నాడు బస్టాపు దాకా వెళ్ళాను. ఆ తరవాత గేటు దాకా. ఆ తరవాత మెట్ల దాకా. ఇప్పుడు తలుపుకి గొలుసు పెట్టుకుని ఉంటాను. కింది వాటా ఆవిడ సరుకులు తెచ్చి గుమ్మంలో పెడుతుంది. నీ ఉత్తరాలు ఆవిడే తలుపు కిందనుంచి తోస్తుంది, నావి ఆవిడే పోస్టులో వేస్తుంది. మంచిది. ఏమీ అడగదు. ఫోన్ మోగితే ఒళ్ళంతా చల్లబడిపోతోంది, అందుకే తీసి గుడ్డల మధ్య పెట్టాను.

నేను అందరికీ చెప్పినవన్నీ చేశాను. ఊపిరి నెమ్మదిగా వదలడం, చేతి పని, భయాన్ని రానిచ్చి పోనివ్వడం. నీకు చెప్పిన ప్రతి ముక్కా నాకు గుర్తుంది. డాక్టరు రాసిచ్చిన మందులు కూడా వేసుకున్నాను, అవి ఎలా పనిచేస్తాయో డాక్టరు కంటే ముందు నాకే తెలుసు. తెలియనివాళ్ళకైతే నేర్చుకోవడానికి ఇంకేదో ఉందన్న ఆశ ఉంటుంది. నాకు తెలియనిదేమీ మిగల్లేదు.

నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. నేను పడ్డానని తెలిస్తే నువ్వూ పడిపోతావని. నన్ను చూసుకునే కదా నువ్వు లేచావు.

నీ గది గురించి అలా రాశాను, క్షమించు. బేకరీ అమ్మాయి వాళ్ళమ్మ మాటలు చదువుతుంటే నన్నే తిట్టినట్టనిపించింది.

రాకు వదినా. నువ్వొస్తే నేను తలుపు తియ్యాలి.

పిట్ట


బస్సు స్టాండు
మంగళవారం, తిరుగు బండి కోసం ఎదురుచూస్తూ

పిట్టా,

తలుపుకి అటుపక్క సగం నీకు తెలుసు. ఇటుపక్క సగం చెప్తాను.

బయల్దేరేముందు గది మూసేశాను. నువ్వు చెప్పావని కాదు. వారం రోజులు తాళం తీసి కూర్చుంటే మేష్టారు ఒక్కరే వచ్చారు. “ఇక్కడ కాకపోతే నేనెక్కడ కూర్చుంటానమ్మా?” అన్నారు. కింద కొట్లో కూర్చోండి అన్నాను. ఒకరోజు కూర్చున్నారు. వచ్చినవాళ్ళంతా, “మీకు ఎన్నో నంబరు అద్దాలండీ?” అని అడుగుతుంటే మర్నాటినుంచి రాలేదు. ఇంటికెళ్ళి చూశాను. నాడి పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. నాతో మాట్లాడారు గానీ వేలు తియ్యలేదు. బేకరీ అమ్మాయి ఎక్కడుందో తెలియదు. పైగదిలో ఇప్పుడు కంటి పరీక్ష యంత్రం పెట్టారు. బోర్డు ఊడదీస్తుంటే నేను అక్కడ లేను.

బస్సులో నాకు దడ వచ్చింది. ఎన్నాళ్ళకో. మధ్యలో దిగిపోదామని సంచీ కూడా చేతిలోకి తీసుకున్నాను. పక్కన కూర్చున్నాయన, “మీ ఊరు వచ్చేసిందా?” అన్నాడు. లేదండీ అని మళ్ళీ కింద పెట్టాను.

నీ మెట్లెక్కి తలుపు కొడితే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఎవరు?”

“నేనే.”

“రావద్దన్నాను కదా.”

“వచ్చేశాను కదా.”

గొలుసు పట్టినంత మేర తలుపు తెరుచుకుంది. రెండు వేళ్ళ సందు. అందులోంచి నీ ఒక కన్ను కనిపించింది, కొంచెం చెంప, జుట్టు. ఎంత చిక్కిపోయావే. “గొలుసు తియ్యలేను వదినా” అన్నావు. తియ్యొద్దులే అని మెట్టు మీద కూలబడ్డాను. నువ్వు అటుపక్క నేల మీద కూర్చున్నావని చప్పుడుని బట్టి తెలిసింది.

పై వాటా ఆయన దిగుతూ, “ఎవరి కోసమండీ?” అన్నాడు.

“మా ఆడపడుచు కోసం.”

“ఆవిడ బయటికి రారండీ.”

“నేను లోపలికి వెళ్ళనండీ. ఇద్దరికీ సరిపోయింది.”

అప్పుడు నువ్వు నవ్వావు కదూ? తెచ్చి పెట్టుకున్న నవ్వు కాదు, మనింట్లో నవ్వే నవ్వు. దాంతో నాకు ఆశ పుట్టింది. ఇంకాసేపట్లో గొలుసు తీస్తుందనుకున్నాను. నీలాగే మాట్లాడకుండా పత్రిక చదివాను. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. నువ్వు నా పక్కన కూర్చున్నన్ని రోజులూ ఏమైనా చదివావో లేక నాలాగే కాయితం వైపు చూశావో. వెలుతురు తగ్గింది. సందులోంచి చెయ్యి పెట్టాను. నువ్వు చూశావు. పట్టుకోలేదు.

ఆఖరి బండి ఇదే, పోకపోతే కుదరదు, మళ్ళీ వస్తానని చెప్పాను. నువ్వు ఊఁ అన్నావో లేదో వినపడలేదు.

ఒకటి రాయకుండా ఉండలేను. మెట్లు దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ తలుపు నాకు దూరమవుతున్నందుకు. నేను కూడా ఎప్పుడో అలాంటి తలుపు వెనకే ఉన్నాను. మళ్ళీ దాని దగ్గర కూర్చుంటే అది నన్ను లోపలికి లాగుతుందని భయమేసింది. నువ్వు రోజూ ఎలా వచ్చేదానివో నాకిప్పుడు అర్థం కావడం లేదు. నేను నీ అంతటిదాన్ని కాను.

బండి వచ్చింది.

వదిన


మూడో అంతస్తు
శుక్రవారం అని కింది వాటా ఆవిడ చెప్పింది

వదినా,

నువ్వు దిగుతున్న చప్పుడు విన్నాను. వీధిలో కనపడతావేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళాను. నీ నడినెత్తి కనిపించింది. పాపిట దగ్గర తెల్లబడింది నీకు. పైకి చూడలేదు నువ్వు, గబగబా వెళ్ళిపోయావు. హాయిగా అనిపించిందని రాశావు. అనిపించాలి. నాకు నీమీద కోపం లేదు. నిన్ను అలా గబగబా నడవగా చూసి, ఒకప్పుడు గుమ్మం దాటలేని మనిషేనా ఇది అనుకున్నాను.

తరవాత గొలుసు తీశాను. ఎవరూ లేరని తెలుసు కాబట్టే తియ్యగలిగాను, పొగడకు. నువ్వు కూర్చున్న మెట్టు చూశాను. పత్రిక మర్చిపోయావు. అది తీసుకోవాలంటే గుమ్మం దాటి వంగాలి. నిలబడ్డాను. పైనుంచి ఎవరో వస్తున్న చప్పుడైతే తలుపేసేశాను. పత్రిక కింది వాటా ఆవిడ తరవాత తలుపు కిందనుంచి తోసింది.

గొలుసు పెట్టకుండా కాసేపు ఉన్నాను. చీకటి పడుతుంటే పెట్టేశాను.

నేను ఆ పత్రికలు నిజంగానే చదివేదాన్ని వదినా. నీ పక్కన కూర్చుంటే నాకు భయమనిపించేది కాదు. అలా ఎందుకో తెలియదు. ఇప్పుడు తెలుసుకుని లాభం కూడా లేదు.

నేను బాగవుతానని మాత్రం అనుకోకు. అన్నయ్యకి కూడా అలా చెప్పకు, పాపం, ఎదురుచూస్తాడు.

ఆ మెట్లు రాయి, చల్లగా ఉంటాయి. నీకు అసలే నడుం నొప్పి. ఈసారి ఏదైనా పరుచుకోవడానికి తెచ్చుకో.

పిట్ట